నేతవాడలో గ్రాండ్ ఫైనల్

ఈ పూట మీతో ఒక ఆట ముగింపు గురించి మాట్లాడతాను. జీతానికో బహుమతి డబ్బుకో ఆశపడకుండా, పని ముగించుకుని వచ్చి ఆడుకునే వాళ్ల బాస్కెట్‌బాల్ క్లబ్బులు ఉంటాయి. నెలల తరబడి ఆడిన ఆటలన్నీ అయ్యాక అవి ఒక సాయంత్రం ఆఖరి పోటీ పెట్టుకుంటాయి. దాన్నే గ్రాండ్ ఫైనల్ అంటారు. సోలాపూర్‌లో మేం ‘పూర్వ భాగ్’ అని పిలుచుకునే తూర్పు పేటల్లో, మన తెలుగు నేతపనివాళ్ల వాడల్లో, అలాంటి ఫైనల్ ఏటా చెప్పిన తేదీకి జరగాలని నా కోరిక. ఎందుకు జరగాలో, ఎలా జరిపితే నిలుస్తుందో చెప్పడానికే ఈ ప్రసంగం.

‘మనకూ ఆ ఆటకూ ఏం పొత్తు? అది కాలేజీ పిల్లలది, పొడుగాటి వాళ్లది’ అని మా పేటలో పెద్దవాళ్లే అంటుంటారు. కుస్తీ తాలీములు మనకు తెలుసు. గణపతి ఊరేగింపులో లేజిమ్ తెలుసు. కబడ్డీ, ఖోఖో ఎవరూ నేర్పకుండానే వస్తాయి. స్తంభానికి వేలాడే ఆ ఇనుప రింగు మాత్రం పరాయిదిగా కనిపిస్తుంది. కానీ ఈ ఆట చరిత్ర తిరగేస్తే అందులో నూలు మిల్లులు, నేత మిల్లులు, మేజోళ్ల మిల్లులు ఎదురవుతాయి. మగ్గం దగ్గర నిలబడి బతికిన వాళ్లు ఈ ఆటను తమదిగా చేసుకున్న ఊళ్లు ఉన్నాయి. ఆ కథ మన పేటల వాళ్లకు తెలియాలి.

మొదలు నుంచే చెప్తాను. అది 1891 డిసెంబరు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఊళ్లో వైఎంసీఏ వాళ్ల శిక్షణ పాఠశాల. బయట చలికాలం, లోపల కసరత్తులతో విసిగిపోయిన 18 మంది విద్యార్థులు. వాళ్ల కోసం జేమ్స్ నైస్మిత్ అనే మాస్టారు ఒక కొత్త ఆట కల్పించాడు. పీచ్ పళ్ల గంపలు రెండు తెప్పించి, వ్యాయామశాల గ్యాలరీకి నేల నుంచి పది అడుగుల ఎత్తున కొట్టించాడు. 13 నియమాలు రాసి గోడకు అంటించాడు. అటు తొమ్మిది మంది, ఇటు తొమ్మిది మంది. ఆ మొదటి ఆట మొత్తానికి గంపలో పడింది ఒక్కటే బంతి. ఆ పది అడుగులు నేటికీ మారలేదు. ఇప్పుడు 3.05 మీటర్లు అని రాసుకుంటున్నాం, అంతే.

మా వీధిలో బీడీలు చుట్టే ఒక అవ్వ ఉంది. ఒడిలో చాట పెట్టుకుని, చేతులు ఆపకుండానే పిల్లల ఆట చూస్తుంది. ఒకరోజు నన్ను పిలిచి అడిగింది: “ఏం బిడ్డా, గంపకు అడుగే లేకపాయె. చెండు నిలువనే నిలువదు. మరి గెలిచినోడెవడో ఎట్ల జెప్తరు?” ఎంత సూటి ప్రశ్న! మొదట్లో గంపలకు అడుగు ఉండేది. బంతి పడ్డప్పుడల్లా నిచ్చెనెక్కి తీసేవాళ్లు. అడుగు తీసేశాక ఆట వేగం అందుకుంది. మరి గెలుపు ఎక్కడ నిలుస్తుంది? పక్కనున్న బల్ల మీద, స్కోరు రాసే కాగితంలో. ఆ కాగితం సంగతి తర్వాత చెప్తాను.

వైఎంసీఏ ఎక్కడికి వెళ్తే ఈ ఆట అక్కడికి వెళ్లింది. మద్రాసులో 1920లో హెచ్.సి. బక్ దొర పెట్టిన వ్యాయామ విద్యా కళాశాల నుంచి దక్షిణాది బడుల్లోకి డ్రిల్లు మాస్టార్లు వచ్చారు. వాళ్లతోపాటే ఈ ఆటా వచ్చింది. అదే కాలంలో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మరొకటి జరుగుతోంది. దక్షిణ కరోలినాలో గ్రీన్‌విల్ అనే ఊరుంది. చుట్టూ నూలు మిల్లులే, మిల్లు చుట్టూ మిల్లు వాళ్ల ఇళ్లే. అక్కడ 1921లో సదరన్ టెక్స్‌టైల్ బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ మొదలైంది. నేత యంత్రాల ప్రదర్శనల కోసం కట్టిన టెక్స్‌టైల్ హాల్‌లోనే పోటీలు. ఆడేవాళ్లు వడికేవాళ్లు, నేసేవాళ్లు. పగలంతా దూది ధూళిలో పనిచేసి, సాయంత్రాలు సాధన చేసి, సీజను చివర తమ మిల్లు పేరు రాసిన చొక్కా వేసుకుని గ్రీన్‌విల్‌కు చేరేవాళ్లు. మగవాళ్లకూ ఆడవాళ్లకూ విడిగా పోటీలుండేవి. ఏడాదంతా ఒకే రకంగా నడిచే బతుకులో, ఆ ఆఖరి పోటీల వారం వాళ్లకు జాతర లాంటిది.

ఆడవాళ్ల మాట వచ్చింది కాబట్టి ఒక జట్టు గురించి చెప్పకుండా ముందుకు పోలేను. పక్కనే ఉత్తర కరోలినా రాష్ట్రం, విన్‌స్టన్-సేలమ్ ఊరు, హేన్స్ హోజరీ అనే మేజోళ్ల మిల్లు. ఆ మిల్లు అమ్మాయిల జట్టు 1951, 1952, 1953 – వరుసగా మూడేళ్లు అమెరికా అమెచ్యూర్ అథ్లెటిక్ యూనియన్ జాతీయ విజేతగా నిలిచింది. ఒక దశలో వరుసగా 102 ఆటలు గెలిచింది. నూట రెండు! ఆ జట్టులో యూనీస్ ఫచ్ ఆరడుగులు దాటిన మనిషి. ఆమె పక్కనే ఆడిన ఎక్కీ జోర్డన్ ఐదడుగుల రెండంగుళాలు. పెల్జర్ అనే మిల్లు ఊరి పిల్ల. ‘మనం పొట్టివాళ్లం, మనకెందుకు’ అనే ఆడపిల్ల మా పేటల్లో ఎవరైనా ఉంటే, ఆమె ఈ పేరు గుర్తుపెట్టుకోవాలి: ఎక్కీ జోర్డన్.

కంపెనీ జట్ల కథ ఒలింపిక్స్ దాకా వెళ్లింది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ తొలిసారి పతకాల ఆటగా చేరింది. ఫైనల్ ఆరుబయట, మట్టి టెన్నిస్ కోర్టు మీద జరిగింది. వాన కురిసి నేలంతా బురదైంది. బంతి కొడితే పైకి లేవదు. అమెరికా 19, కెనడా 8 – ఒలింపిక్ ఫైనల్ స్కోరు అదీ! గెలిచిన జట్టులో దాదాపు అందరూ రెండు కంపెనీల జట్ల నుంచి వచ్చినవాళ్లే. ఒకటి యూనివర్సల్ పిక్చర్స్ సినిమా కంపెనీ, రెండోది మెక్‌ఫర్సన్ అనే చిన్న ఊళ్లోని చమురు శుద్ధి కర్మాగారం. ఆటను కల్పించిన నైస్మిత్ బెర్లిన్‌లోనే ఉండి కళ్లారా చూశాడు. మా పిల్లలు మట్టి మైదానంలో ఆడాల్సి వచ్చిందని చిన్నబుచ్చుకున్నప్పుడు నేను ఈ ఫైనల్ గురించే చెప్తాను.

గ్రీన్‌విల్ కథలో రెండు గాయాలు కూడా ఉన్నాయి. వాటిని దాచిపెట్టి మంచి మాత్రమే చెప్తే అన్యాయం.

మొదటిది: ఆ ఆట అందరిదీ కాలేదు. 1915లో దక్షిణ కరోలినా ఒక చట్టం చేసింది. బట్టల మిల్లులో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఒకే గదిలో కలిసి పనిచేయకూడదని. మగ్గం దగ్గర నిలబడనివ్వని మనిషిని మిల్లు జట్టులో ఎవరు ఆడనిస్తారు? 1960ల దాకా దాదాపు అదే స్థితి. ఊళ్లో ఎందరికో తలుపు మూసి ఆడిన ఫైనల్ ఎంత గొప్పగా ఆడినా అది ఊరి ఫైనల్ కాదని నేను నమ్ముతాను.

రెండోది: మిల్లు పోతే ఆటా పోయింది. వ్యాయామశాల యజమానిది, చొక్కా యజమానిది, బస్సు యజమానిది. మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1921లో మొదలైన టోర్నమెంట్ 1997తో ఆగిపోయింది. ఆడేవాళ్లు ఉన్నారు, చూసేవాళ్లు ఉన్నారు, నడిపే చెయ్యి లేదు.

సోలాపూర్ వాళ్లకు ఈ మాట ఎక్కడ తగులుతుందో వేరే చెప్పాలా? 1860లో మా ఊరికి రైలు వచ్చింది. 1877లో సోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు, మేం ‘జూనీ మిల్లు’ అనేది, మొదలైంది. కరీంనగర్, వరంగల్, నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి పద్మశాలీలు బతుకుతెరువు వెతుక్కుంటూ ఇక్కడికి చేరారు. జూనీ మిల్లు పోయింది. లక్ష్మీ, విష్ణు మిల్లులు పోయాయి. నర్సింగ్ గిర్జీ మిల్లు పోయింది. మిల్లు భోంగా (సైరన్) మోతకు లేచిన పేటల్లో ఇప్పుడు ఇంటి వెనక షెడ్డులో నాలుగు మరమగ్గాలు (మేం సాంచలంటాం), ఎనిమిది సాంచలు. లేదంటే అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీ పారిశ్రామికవాడలో కొంచెం పెద్ద కార్ఖానా. చద్దర్లు, టెర్రీ తువ్వాళ్లు నేస్తూ వచ్చింది ఈ చేతులే. ఇక్కడ ఆటకు జట్టు పెట్టి, హాలు కట్టించే పెద్ద యజమాని లేడు. వస్తాడని ఎదురుచూడటం దండగ.

నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. మన ఫైనల్‌కు యజమాని పేటే కావాలి. అది మనకు చేతకాని పనేం కాదు. నారళీ పౌర్ణమి నాడు మార్కండేయ మహాముని రథం కదులుతుంది. ఇంటింటి చందాతో, పేటపేటా పంచుకున్న పనులతో ఏటా తేదీ తప్పకుండా కదులుతుంది. ఎవరో ఒక కంపెనీ వాడు ఈ ఏడాది డబ్బులివ్వలేదని రథం ఆగిందా? ఆ పద్ధతిలో పదో వంతు ఈ ఆటకు పెడితే చాలు.

అమెచ్యూర్ పోటీలు ఎక్కడ చెడతాయో ఏళ్లుగా చూస్తున్నాను. మొదటి వారం ఉత్సాహం పొంగిపొర్లుతుంది. జట్లకు పేర్లు, చొక్కాలకు నంబర్లు. నాలుగో వారం ఒక జట్టులో ముగ్గురికి రాత్రిపాళీ పడుతుంది. ఆరో వారం పెళ్లిళ్లు. ఎనిమిదో వారం ‘తర్వాత చూద్దాం’ అంటారు. ఫైనల్ జరగదు. ఓడిపోవడం కంటే ఇది ఎక్కువ నష్టం. ఆట మధ్యలో వదిలేయడం పిల్లలకు అలవాటైపోతుంది.

అందుకని ముందు ఫైనల్ తేదీ రాయండి. మిగతాదంతా అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టండి. మా ఊరి కేలెండరు ఇలా ఉంటుంది: సంక్రాంతికి సిద్ధేశ్వరుని గడ్డా జాతర. ఫిబ్రవరి, మార్చిలో పన్నెండో తరగతి, పదో తరగతి పరీక్షలు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండ. కాబట్టి దీపావళి అయ్యాక మొదలుపెట్టి, జాతర హడావుడి తగ్గిన జనవరి చివరి వారంలో ఫైనల్ ఆడాలి. ఆరు జట్లు అనుకోండి. ఒక్కో జట్టు మిగతా ఐదింటితో ఒక్కోసారి ఆడితే 15 ఆటలు. సాంచల సెలవు రోజు సాయంత్రం రెండేసి ఆటలు పెడితే ఎనిమిది వారాలు. తొమ్మిదో వారం పై నాలుగు జట్లకు సెమీఫైనల్స్. పదో వారం మూడో స్థానానికి ఒక ఆట, ఆ తర్వాత గ్రాండ్ ఫైనల్. మొత్తం 19 ఆటలు. అమ్మాయిలవి నాలుగు జట్లుంటే లీగ్ ఆరు ఆటల్లో తేలిపోతుంది, వాళ్ల ఫైనల్ ఏడోది. దీపావళికీ జనవరి చివరికీ మధ్య ఈ లెక్క హాయిగా పడుతుంది, ఒకటి రెండు వారాలు చేతిలో మిగులుతాయి కూడా. ఆ మిగిలిన వారాలే రాత్రిపాళీ వాళ్లకూ పెళ్లిళ్ల వాళ్లకూ.

ఫైనల్ రోజు ఎలా ఉండాలి? చిన్నపిల్లల ఆటతో మొదలుకావాలి. తర్వాత అమ్మాయిల ఫైనల్, ఆఖరున పెద్దవాళ్లది. మూడూ ఒకే కోర్టు మీద, ఒకే సాయంత్రం. నేతపనిలో పాత పడుగు అయిపోవచ్చినప్పుడు కొత్త పడుగు పోగులు పాతవాటి కొసలకు ఒక్కొక్కటే అతుకుతాం కదా, ఆ పని ఇక్కడా జరగాలి. పన్నెండేళ్ల పిల్లాడు తన ఆట ముగించి గట్టు మీద కూర్చుని పెద్దల ఫైనల్ చూస్తాడు. ఐదేళ్ల తర్వాత ఆ జట్టు వాడే మోయాలి. పిల్లల ఆట వేరే రోజు, వేరే చోట పెట్టేస్తే ఆ అతుకు పడదు.

ఇక స్కోరు కాగితం. అవ్వ అడిగిన ప్రశ్నకు జవాబు. ఫైనల్‌కు మంచి రిఫరీలు ఎంత అవసరమో, బల్ల దగ్గర మంచి స్కోరర్ అంత అవసరం. పది నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. ఎవరు వేశారు, ఎన్ని పాయింట్లు, ఎవరికి ఎన్నో ఫౌల్ – వెంటవెంటనే పడాలి. ఐదో ఫౌల్ పడ్డవాడు బయటికి వెళ్లాలి. నాలుగో భాగం చివరి రెండు నిమిషాల్లో బుట్ట పడ్డప్పుడు కూడా గడియారం ఆపాలి. స్కోరు సమమైతే డ్రా ఉండదు, ఇంకో ఐదు నిమిషాలు ఆడాలి. ఇవన్నీ తెలిసిన మనిషి బల్ల దగ్గర లేకపోతే ఫైనల్ గొడవతో ముగుస్తుంది. మా పేటల్లో ఈ పనికి సరిపోయే వాళ్లకు కొదవ లేదు. తానుల లెక్క, బీములో మిగిలిన పడుగు లెక్క, వారం కూలి లెక్క నోటితో చెప్పే వాళ్లున్నారు. ఆట మానేసిన పెద్దవాళ్లు ఆ బల్ల దగ్గరికి రావాలి. అది చిన్న కుర్చీ అని అనుకోవద్దు.

ఒక సాయంత్రం ఆట నా కళ్లలో మెదులుతూ ఉంది. బడి మైదానం, ఒకవైపు రెండు హాలోజన్ దీపాలు. మూడో భాగం నడుస్తుండగా ఒక కుర్రాడు పరుగున వచ్చాడు. చొక్కా మీద ఇంకా నూలు పీచు. “అన్నా, ఎనిమిదింటికి రాత్రిపాళీ ఉంది. అప్పటిదాంక ఆడి పోత,” అన్నాడు. జట్టు పెద్ద వాణ్ని తిట్టలేదు, ‘నీళ్లు తాగు ముందు’ అన్నాడు. తేడా ఒక్క పాయింటు ఉండగా ఆ కుర్రాడికి రెండు ఫ్రీ త్రోలు దొరికాయి. రింగు ఎదుట గీత దగ్గర నిలబడ్డాడు. మైదానమంతా ఊపిరి బిగబట్టింది. మొదటిది పడింది. రెండోది రింగు అంచుకు తగిలి బయటికి పోయింది. ఆఖరికి అదనపు ఐదు నిమిషాల్లో వాళ్ల జట్టు ఓడింది. అప్పటికి వాడు పనికి వెళ్లిపోయాడు. మర్నాడు ఫలితం కనుక్కోవడానికి వచ్చి, ముందు తన ఫ్రీ త్రో గురించే అడిగాడు: స్కోరు కాగితంలో ఒకటి రాశారా, రెండా అని. ఒకటే రాశారని చెప్తే తల ఊపి, బంతి తీసుకుని ఆ గీత దగ్గరికే నడిచాడు. ఇలాంటి పిల్లలున్న వాడకు ఫైనల్ లేకుండా చేసే హక్కు మనకు లేదు.

అమ్మాయిల సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. పూర్వ భాగ్‌లో సంసారాలు నిలబెట్టింది సాంచలు మాత్రమే కాదు, బీడీలు కూడా. పొద్దున ఆకు కత్తిరించి, రాత్రి దాకా వెయ్యి బీడీలు చుట్టే తల్లి పక్కన కూతురు కూర్చుంటుంది. కుంభారిలో బీడీ కార్మికుల కోసం గోదూతాయి పరుళేకర్ పేరిట 10 వేల ఇళ్లు లేచాయి. కార్మిక నాయకుడు నరసయ్య ఆడం మాస్టారు లాంటి వాళ్లు నడిపిన పోరాటాలతో వచ్చిన ఇళ్లు అవి. ఆ తర్వాత రేనగర్‌లో 2024 జనవరిలో మరో 15 వేల ఇళ్లు కార్మికుల చేతికి అందాయి. అన్ని వేల ఇళ్లలో ఎందరు ఆడపిల్లలు! ఇల్లు సాధించుకున్న తల్లులు కూతుళ్లకు వారానికి రెండు సాయంత్రాల ఆట సాధించలేరా? గ్రీన్‌విల్ వాళ్లు చేసిన తప్పు మనం చేయొద్దు. కులం అడగొద్దు, మతం అడగొద్దు, తెలుగా కన్నడమా మరాఠీనా ఉర్దూనా అని అడగొద్దు. మా ఊరు ఈ నాలుగు భాషల్లోనూ బతుకుతుంది. పేటలో ఉండే ఏ పిల్లకైనా జట్టులో చోటు ఉండాలి.

చోటు లేదంటారా? పూర్తి కోర్టుకు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు కావాలి నిజమే. ముగ్గురేసి ఆడే ఆటకు 15 మీటర్లు ఇటు, 11 మీటర్లు అటు, ఒక్క రింగు చాలు. 2021లో టోక్యోలో జరిగిన ఒలింపిక్స్‌లో ఆ ఆట కూడా చేరింది. మట్టి కోర్టయితే దుమ్ము అణచడానికి నీళ్లు చల్లాలి, నల్లా నీళ్లు రోజుల తరబడి ఎదురుచూసి పట్టుకునే ఊళ్లో అది భారమే. అందుకే ఒక్కసారి ఖర్చయినా కాంక్రీటు నేల మేలు. బడుల ఆవరణల్లో సిమెంటు నేల ఉన్నచోట రింగు స్తంభం ఒక్కటి నిలబెడితే సరిపోతుంది. ఇనుము వంచే, వెల్డింగ్ చేసే చేతులు మన కార్ఖానాల్లోనే ఉన్నాయి.

శ్రోతలారా, మీలో బడుల పాలకవర్గాల్లో ఉన్నవాళ్లకు నా విన్నపం: సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా వారానికి రెండు రోజులు గేటు తెరవండి. సాంచల ఆసాములకు: ఫైనల్ ఆడే పిల్లాడికి ఆ ఒక్క రాత్రి పాళీ మార్చి ఇవ్వండి. పెద్దలకు: స్కోరు బల్ల దగ్గరికి రండి, రాయడం రెండు సాయంత్రాల్లో వస్తుంది. తల్లులకు: అమ్మాయిని పంపండి, మీరూ వచ్చి గట్టు మీద కూర్చోండి, చాట వెంట తెచ్చుకున్నా సరే. ఆడే పిల్లలకు చెప్పేది ఒక్కటే: ఈ దీపావళికి ముందే ఫైనల్ తేదీ రాసి, ఆ కాగితం బడి గేటుకు, మార్కండేయ గుడి దగ్గర, చహా హోటల్ గోడకు అంటించండి. ఆ రోజు ఎన్ని జట్లు మిగిలితే అన్నిటితోనే ఆట ఆడించండి, తేదీ మాత్రం మార్చకండి.